మన వాద్యాల గొంతు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువత కోసం చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక చిన్న ప్రశ్న. చీకటి పడ్డాక కొండ అవతలి ఊళ్లో థింసా మొదలైంది. మనకు ఏమీ కనబడదు. అయినా ఇది డప్పు, ఇది తుడుము, ఇది మోరి అని చెప్పేస్తాం. ఎలా?

చీకట్లో పిలిచింది అమ్మో, పిన్నో గొంతును బట్టే తెలుస్తుంది కదా. వాద్యానికీ అలాంటి గొంతు ఉంది. దాన్నే ధ్వని గుణం అంటాం. ఇంగ్లీషులో టింబర్.

ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మోరి మీద సెకనుకు 200 కంపనాల స్వరం ఊదామనుకుందాం. అందులో 200 ఒక్కటే ఉండదు. 400, 600, 800 చొప్పున పై స్వరాలు కూడా కలిసి పలుకుతాయి. అదే స్వరాన్ని పిల్లనగ్రోవి మీద ఊదితే పై స్వరాలు బలహీనంగా ఉంటాయి. అందుకే పిల్లనగ్రోవి మెత్తగా, మోరి పదునుగా వినిపిస్తాయి. స్వరం ఒకటే, కలిసిన పాళ్లు వేరు. ఒకే బియ్యం, ఒకే నీళ్లు అయినా ఇద్దరు వండితే రుచి మారినట్టు.

డప్పు సంగతి వేరు. సాగదీసిన చర్మం 100 దగ్గర కంపిస్తే, దాని పై స్వరాలు 200, 300 దగ్గర రావు. సుమారు 159, 214 దగ్గర వస్తాయి. అవి ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే డప్పులో రాగం కంటే దెబ్బ వినిపిస్తుంది. అది లోపం కాదు. అడుగు వేయించడానికి కావలసింది దెబ్బే.

ఈ విషయాన్ని లోకానికి వివరించినవారిలో ఒకరు మన విశాఖపట్నంలో చదువుకున్న సర్ సి.వి. రామన్. ఆయన తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపాధ్యాయుడు. మృదంగం మధ్యలో ఉండే నల్లటి ముద్ద బరువు వల్ల చర్మం పై స్వరాలు వరుసలోకి వస్తాయని రామన్ 1920లో సహచరుడితో కలిసి రాశారు. ఆ ముద్ద పెట్టినవారు ప్రయోగశాల చూడని వాద్యకారులు. చెవితోనే కనిపెట్టారు.

మన పెద్దలూ అంతే. ఆటకు ముందు డప్పును మంట దగ్గర ఎందుకు కాస్తారు? మన కొండల మంచుకు, వానకు చర్మం తేమ పీల్చి సడలుతుంది. కాస్తే తేమ పోయి బిగుస్తుంది, గొంతు విచ్చుకుంటుంది. లావు కర్రతో మధ్యన కొడితే అడుగు స్వరం, సన్న పుల్లతో అంచున కొడితే పై స్వరం ఎందుకు తేలుతుందో కూడా వారి చేతులకు తెలుసు.

ఇప్పుడు అసలు మాట. ఈమధ్య మన పెళ్లిళ్లలో, పండగల్లో ఫోన్‌లో థింసా పాట పెట్టి బాక్సులకు తగిలిస్తున్నాం. తప్పు అనడం లేదు. మేమూ పెట్టాం. కానీ ఆడుతుంటే ఏదో తక్కువైంది. బాక్సు మన కాళ్లను చూడదు. డప్పు కొట్టే మామ చూస్తాడు. వరుస అలసితే దెబ్బ నెమ్మదిస్తుంది, ఊపు వస్తే పెరుగుతుంది. కీబోర్డులోని డప్పుకు మీట ఎన్నిసార్లు నొక్కినా దాదాపు అదే దెబ్బ. మామ చేతిలో ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు.

ఒక వాద్యం ఊళ్లో ఆగిపోతే పాట మాత్రమే పోదు. ఏ కర్ర కొట్టాలి, చర్మం ఎలా ఆరబెట్టాలి, ఎంత బిగించాలి అన్న చదువూ పోతుంది. రికార్డింగులో గొంతు మిగలవచ్చు. దాన్ని పుట్టించే విద్య మిగలదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని అడిగేది మూడు పనులు. మీ ఊళ్లో మోరి, కిరిడి, తుడుము, కొమ్ము ఎవరింట ఉన్నాయో వెళ్లి చూడండి. వాయించేటప్పుడే కాదు, తయారుచేసేటప్పుడు కూడా వీడియో తీయండి. ఆ కర్ర పేరు, చర్మం పేరు మన భాషలోనే రాసి పెట్టండి. ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టి, కర్ర చేత పట్టండి. మొదట్లో దెబ్బ తప్పుతుంది. పెద్దలు నవ్వుతారు. నవ్వనివ్వండి, వారూ అలాగే నేర్చుకున్నారు.

వచ్చే ఇటుకల పండగకు కొండ అవతలి ఊరు మన డప్పు విని, ఇది ఫలానా ఊరి దెబ్బ అని గుర్తుపట్టాలి.

జై ఆదివాసీ!