వన్స్‌మోర్ అన్న పద్యం

కరపత్రంలో నా ప్రసంగానికి ‘కవిత్వంతో ప్రజాచైతన్యం’ అని పేరు పెట్టారు. పిలిచినవాళ్ళ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట నాకు పడదు. చైతన్యం మన దగ్గరుందనీ, ఊళ్ళోవాళ్ళ దగ్గర లేదనీ, మనం తీసుకెళ్ళి పంచాలనీ అందులో ఒక అర్థముంది. తన కష్టమేమిటో ఊరికి తెలుసు. దాన్ని నలుగురిలో ఎవరు ముందు ఎత్తాలన్న దగ్గరే నోరు ఆగిపోతుంది. పద్యం ఆ నోరు విప్పిస్తుంది. అంతవరకే దాని పని.

ముప్పయ్యేళ్ళుగా వింటున్న ఇంకో మాట. పల్లెటూళ్ళో పద్యం ఎవరికీ ఎక్కదట, సమస్య మీద తేలికమాటల్లో కొత్తగా ఏదైనా రాసుకుని పోవాలట. ఎవరు చెప్పారండీ? హరిశ్చంద్ర నాటకంలో, తెల్లవారుజామున కాటి సీనులో హరిశ్చంద్రుడు మత్తేభ పద్యం ఎత్తుకుంటే, గోనెపట్టాల మీద కూర్చున్న జనం లేచి వన్స్‌మోర్ అంటారు. ఆ వేషం కట్టిన డి.వి. సుబ్బారావు గారి గొంతులో ఆ పద్యాలు విని కంఠతా పట్టినవాళ్ళలో సంతకం చేయడం రానివాళ్ళు నాకు ఎంతమంది తెలుసో! సమాసం విడదీసి అర్థం చెప్పమంటే చెప్పలేకపోవచ్చు. పద్యం ఎక్కడ గుండెకు తగులుతుందో వాళ్ళకు తెలుసు.

ఆ కాటి సీను దగ్గరే కాసేపు ఉంటాను, నన్ను ఆపకండి. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. అందులో జనం మళ్ళీ మళ్ళీ పాడించుకునే శ్మశానం పద్యాలు మాత్రం ఆయనవి కావు, గుర్రం జాషువావి. ‘శ్మశానవాటి’ అనే ఖండికలోవి. కవి కలమూ, రాజు అధికారమూ, ఇల్లాలి నల్లపూసలూ అన్నీ అక్కడే అంతమైపోతాయనీ, అంటరానితనానికి అక్కడ చోటే లేదనీ అంటాడు జాషువా. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో అడుగడుగునా అవమానం పడ్డ మనిషి ఆ మాట రాశాడు. నటులు దాన్ని తీసుకెళ్ళి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఊళ్ళు వన్స్‌మోర్ అన్నాయి. రాసిందెవరో చాలా ఊళ్ళకు ఇప్పటికీ తెలియదు.

పల్నాటిలో ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడి పిల్లలు ఈ చుట్టుపక్కల చదువుకుంటున్నారు. తిరునాళ్ళకు నాటకం వేశారు. శ్మశానం పద్యం మూడుసార్లు పాడించారు, హార్మోనియం మీద నోట్లు పెట్టారు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నేను ఊరికే అడిగాను, రాత్రి ఆ పద్యం ఎవరిదో తెలుసా అని. బలిజేపల్లిది అన్నారు. కాదు, జాషువాది అన్నాను. కొట్టు అంతా ఒక్క నిమిషం నిశ్శబ్దం. రోడ్డుకు అవతల కల్వర్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. లోపలికి రాలేదు, పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. “సారూ, ఆ పద్యం మేమూ విన్నాం. మా పీనుగులు ఏ దోవన పోతయ్యో మీరు చూశారా?” అన్నాడు.

వెళ్ళి చూశాను. దళితవాడ శ్మశానానికి దారి లేదు. ఒకప్పుడు ఉన్న డొంక రెండు పొలాల్లో కలిసిపోయింది. వానాకాలంలో పాడెను కాలవ గట్టు మీదుగా, మోకాటిలోతు బురదలో, మనుషులు మారుతూ మోసుకుపోవాలి. ఊరివాళ్ళకు ఆ సంగతి తెలియక కాదు. ఏళ్ళ తరబడి దాని గురించి ఒక్కరూ పైకి అనలేదు, అంతే. ఆ వారంలోనే రామాలయం ముందు కూర్చున్నాం. పద్యం పాడిన నటుణ్ణే పిలిపించి మళ్ళీ పాడించాం. ఎవరూ వివరణ ఇవ్వలేదు, ఇవ్వనీయలేదు. డొంక కలుపుకున్న రైతు ముందు కోపంతో లేచిపోయాడు. రెండోసారి కూర్చున్నప్పుడు వచ్చాడు. నాటకం రాత్రి వన్స్‌మోర్ అన్నవాళ్ళలో తనూ ఉన్నాడు కదా! పద్యం పరాయిదైతే అబద్ధమని కొట్టిపారేసేవాడు. తనకు కంఠతా వచ్చిన పద్యాన్ని ఎట్లా కాదంటాడు?

అందుకే సమస్య కోసం కొత్తగా కవిత రాయించే పద్ధతి మీద నాకు నమ్మకం తక్కువ. జనం గుండెలో ముందే చోటు చేసుకున్న పద్యాన్ని వెతకండి. అది ఒప్పించనక్కరలేదు, గుర్తుచేస్తే చాలు.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా చెప్పాలి. తర్వాత ఆ శ్మశానానికి దారి పడింది. ఈ కథ విన్నవాళ్ళు అది పద్యం వల్లేనని రాసుకుంటారు. కాదు! అర్జీల వల్ల పడింది, సర్వేయరు వచ్చి గొలుసు లాగడం వల్ల పడింది, రెండేళ్ళు మండలాఫీసు చుట్టూ తిరిగిన దళితవాడ ఆడవాళ్ళ కాళ్ళ వల్ల పడింది. వాళ్ళ కష్టాన్ని తీసి కవి ఖాతాలో వేయడం అన్యాయం. పద్యం వల్ల జరిగింది వేరు. ఆ తర్వాత ఆ ఊళ్ళో, దారి సంగతి మాకు తెలియదే అనడం ఎవరికీ వీలు కాలేదు.

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం మీద కూడా ఇట్లాంటి కట్టుకథే ఉంది. అక్షరాస్యతా కేంద్రంలో సీతమ్మ కథ పాఠం చదివారు, 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు అని ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. పాఠం చెప్పేదాకా తాగుడు సంగతి వాళ్ళకు తెలియదా? రోజూ దెబ్బలు తిన్నవాళ్ళండీ! అక్షరాస్యత ప్రచారానికి తిరిగిన కళాజాతా పాటలూ, ఆ పాఠమూ చేసింది వేరు. ఎవరింట్లో వాళ్ళు ఏడ్చే సంగతిని సాయంత్రం లాంతరు కింద అందరి సంగతి చేశాయి. తర్వాత సారా వేలంపాటలను అడ్డుకున్నది ఆ జిల్లా ఆడవాళ్ళే. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

టైమైపోయిందని అధ్యక్షులు చూస్తున్నారు. మిగతావి త్వరగా చెబుతాను. స్వాతంత్ర్యోద్యమ కాలంలో గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దని పాడితే, కుసుమ ధర్మన్న మనలోని కులపెత్తనాన్ని, నల్లదొరతనాన్ని కూడా వద్దని బదులు పాడాడు. పాటకు పాటే జవాబిచ్చిన సంభాషణ అది, పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి. ఉగాది కవిసమ్మేళనాల గురించి చాలా చెప్పాలనుకున్నాను, ఒక్క మాటతో సరిపెడతాను. నలభైమంది కవులు చదివి, శాలువాలు కప్పించుకుని, విన్నవాళ్ళకు ఒక్క నిమిషం ఇవ్వకుండా వెళ్ళిపోతే అక్కడ సంభాషణ ఎక్కడుంది? వేదిక తీసేసి చాపలు పరవండి. పద్యం రెండుసార్లు చదవండి, వ్యాఖ్యానం వద్దు. ఆడవాళ్ళు రాగలిగే వేళ పెట్టండి, వంటవేళ కాదు. ఎవరి కష్టం గురించి మాట్లాడుతున్నామో వాళ్ళను లేపి, నీ బాధ చెప్పు అని బలవంతపెట్టకండి. వాళ్ళు చెప్పదలిస్తే చెబుతారు. నాయకులు ఎవరైనా వస్తే చివర మాట్లాడమనండి.

వచ్చేటప్పుడు మీ ఊరి చివర శ్మశానాలు చూసుకుంటూ వచ్చాను. మూడున్నాయి. ఒకదానికి సిమెంటు రోడ్డూ, గేటూ, నీళ్ళ కుళాయీ ఉన్నాయి. మిగతా రెండింటి దగ్గర నేను చూసింది చెప్పను, మీకు తెలుసు. ఈ గ్రంథాలయం బీరువాలో జాషువా ఖండకావ్యం ఉందని ఇక్కడి ఉద్యోగి వెతికి తెచ్చి ఇచ్చారు. ముందు వరుసలో కూర్చున్న ఈ అమ్మాయి తొమ్మిదో తరగతి, గొంతు బాగుంది. ఆ పద్యం తను చదువుతుంది, రెండుసార్లు. తర్వాత నేను మాట్లాడను. మొదటి మాట ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళది. లోపలికి రండమ్మా, ఇక్కడ చోటుంది, కూర్చోండి.