బడికని బయలుదేరి బడి చేరని పిల్లలు

(శతజయంతి సందర్భమున తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లలు బడి ఎగ్గొట్టడమును గూర్చి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు పత్తి చేలకు, పశువుల వెంట పోయే పిల్లలు గుర్తుకు వస్తారు. వారి సంగతి వేరు. వారిని ఆపింది పెద్దలు. నేను చెప్పబోయేది తల దువ్వుకొని, సంచి తగిలించుకొని, "వెళ్ళొస్తానమ్మా" అని బయలుదేరి, బడి మాత్రము చేరని పిల్లవాని సంగతి. ఇంట్లో వాళ్ళు బడిలో ఉన్నాడనుకుంటారు. బడిలో వాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకుంటారు. వాడు చెరువుగట్టున చింతచెట్టు కింద కూర్చొని, నాలుగు ఎప్పుడవుతుందా అని ఎదురు చూస్తుంటాడు.

వాడు దొరికితే మనము మొదట చేసే పని కొట్టడము. తండ్రి ఇంట్లో కొడతాడు, మరునాడు మాస్టారు బడిలో కొడతారు. మూడవ దినము వాడు చెరువుగట్టు మాని రైలుకట్ట అవతలికి పోతాడు, అంతే. 2009 విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను బడిలో పిల్లలను కొట్టడమును, మనసు నొప్పించి వేధించడమును నిషేధించింది. ఇంటి దెబ్బలకు ఆ సెక్షను రాదు గనుక అక్కడ మనమే ఆపుకోవాలి.

ఇన్నేండ్లు సుద్దముక్క పట్టినదాన్ని గనుక చెప్తున్నాను, సోమరితనముతో బడి ఎగ్గొట్టే పిల్లలు తక్కువ. చెరువుగట్టున పొద్దంతా కూర్చోవడము సులువు కాదు. ఆకలి, ఎండ, తెలిసినవారు చూస్తారేమోనన్న బెదురు. అంత కష్టమును కోరుకున్నాడంటే బడిలో అంతకంటె పెద్ద కష్టమేదో ఉన్నదన్నమాట. అదేమిటో కనుక్కోవడమే మన పని.

ఒక ఏడవ తరగతి అబ్బాయి మంగళ, గురువారాలలో మాత్రమే రాడు. హాజరు పట్టీ పేజీలు తిప్పితే గాని ఆ సంగతి తెలియలేదు. ఆ రెండు దినాలు లెక్కల మాస్టారు ఒక్కొక్కరిని బోర్డు దగ్గరికి పిలుస్తారు. వాడికి భాగహారము రాదు. మూడవ తరగతిలో రాని భాగహారము ఏడు దాకా వాడి వెంటే వచ్చింది. అందరి ఎదుట అది బయటపడడము కంటె చింతచెట్టు నయమనుకున్నాడు. సాయంత్రాలు కూర్చోబెట్టి, చింతగింజలు పంచిపెట్టించి భాగహారము నేర్పాము. డుమ్మాలు వెంటనే ఆగలేదు. దసరా సెలవుల తరువాత గాని ఆగలేదు.

ఈ దినాలలో ఇటువంటివారు ఎక్కువ. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఒకటి, రెండు తరగతులలో ఉన్నవారు ఇప్పుడు హైస్కూలు పిల్లలు. అక్షరాలు కుదిరే వయసులో వారికి బడి లేదు. తప్పిన పిల్లలను అదే తరగతిలో ఆపవచ్చునని 2019లో చట్టమును సవరించారు. అయితే ఆపినంత మాత్రాన భాగహారము వస్తుందా? ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి.

ఆడపిల్లల సంగతి సభలో మాట్లాడడము కొందరికి ఇష్టముండదు. మరుగుదొడ్డిలో నీళ్ళు లేని బడికి పన్నెండు, పదమూడేండ్ల పిల్ల నెలకు మూడు నాలుగు దినాలు ఎలా వెళ్తుంది? ఇంకొకటి దీనికంటె బాధాకరము. పక్క ఊరి హైస్కూలుకు నడిచి వెళ్ళే పిల్లను దారిలో ఎవరో అల్లరి పెడతారు. ఆ పిల్ల ఇంట్లో చెప్పదు. చెప్తే అల్లరి పెట్టేవారిని ఏమీ అనరు, తన చదువు మాన్పించి పెళ్ళి సంబంధాలు చూస్తారని దాని భయము. అందుకని ఏ స్నేహితురాలి ఇంట్లోనో పొద్దు గడిపి వస్తుంది. అమ్మలారా, "నీ చదువు మాన్పించను, ఏమైందో చెప్పు" అని ముందు మాట ఇచ్చి, ఆ తరువాత అడగండి.

సెల్‌ఫోను సంగతి అడుగుతారని తెలుసు. ఫోను కోసము బడి మానేవారు కొందరు. బడి మాని, పొద్దు గడవక ఫోను పట్టినవారే ఎక్కువ.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి డబ్బు మొదలుపెట్టినప్పుడు 75 శాతము హాజరు షరతు పెట్టారు. అంటే 24 పని దినాలలో 6 దినాలు రాకపోయినా లెక్క సరిపోతుంది, చదువుకు సరిపోదు. పిల్లవాడు రాని మొదటి దినమే బడి నుండి ఇంటికి కబురు రావాలి. విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలే ఉండాలి. మన సంఘములోనూ ఆ సభ్యులున్నారు. సంతకము పెట్టి టీ తాగి వచ్చేయకుండా, ఈ నెల ఎవరు ఏ వారము రాలేదో చెప్పమని హెడ్మాస్టరు గారిని అడగండి.

దారిలో అటువంటి పిల్లవాడు కనబడితే "బడి లేదా?" అని గద్దించవద్దు. "ఏమైనా తిన్నావా?" అని అడగండి. వాడి తండ్రితో నలుగురిలో చెప్పవద్దు. ఇంట్లోనైనా బడిలోనైనా వాడికి హాని జరుగుతున్నదని తెలిస్తే 1098కి ఫోను చేయండి.

చర్చి వెనుక గది సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. పాస్టరు గారు తాళము ఇస్తామన్నారు. రిటైరయిన టీచర్లము నలుగురము సోమవారము నుండి ఆరు గంటలకు అక్కడ ఉంటాము. ఏ సంఘము, ఏ కులము అని అడగము, ఏ తరగతి అని కూడా మొదటి దినము అడగము. పలకలు, చింతగింజలు నేను తెస్తాను. మీరు పిల్లవానిని గుమ్మము దాకా తీసుకొని రండి.