జీతములకు హద్దు - జట్లకు కూర్పు

ఆట యనగానే మైదానము, బంతి, ప్రేక్షకుల కేకలు మన మనస్సునకు వచ్చును. కాని అమెరికాలో ఒక ఆట కలదు. దాని అభిమానులు సంవత్సరమున కొన్ని దినములు మైదానమువంక చూడక, జమాఖర్చుల పట్టికలవంక చూచుచుందురు. ఆ దినములు మార్చి నెలలో వచ్చును. అప్పుడు ఒక్క పోటీయైనను జరుగదు. అయినను ఏ జట్టువద్ద ఎంత సొమ్ము మిగిలియున్నది, ఏ ఆటగాడు ఎచ్చటికి పోవును అను చర్చ తెంపులేక సాగును. రాబోవు ఆటకాలపు గెలుపోటములలో కొంత భాగము ఆ దినములలోనే నిర్ణయమైపోవును. ఈ విషయమును గూర్చి శ్రోతలతో కొంతసేపు ముచ్చటింప దలచితిమి.

మేము చెప్పబోవునది మన పాఠశాలలలో పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఎదుటివారిని నేలగూల్చుచు ఆడెడి అమెరికా ఫుట్‌బాల్. దీనిని నడుపు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1920లో పుట్టినది. అందు 32 జట్లు కలవు. ఆటకాలమున ఒక్కొక్క జట్టులో 53 మంది ఆటగాండ్రుందురు. వీరి జీతముల మొత్తమునకు లీగు ఏటేట ఒక హద్దు నిర్ణయించును. దానినే శాలరీ క్యాప్ అందురు. 2025లో ఆ హద్దు 27 కోట్ల 92 లక్షల డాలర్లు. యజమాని ఎంతటి కుబేరుడైనను దానిని దాటరాదు. ఆ హద్దునకును, అప్పటికే పద్దుకెక్కిన జీతములకును నడుమ మిగులు మొత్తమును క్యాప్ స్పేస్ అందురు. అనగా ఖాళీ చోటు. ఒప్పందము ముగిసి, తన కిష్టమైన జట్టులో చేరుటకు స్వేచ్ఛగల ఆటగానిని ఫ్రీ ఏజెంటు అందురు. ఖాళీ చోటున్న జట్టు అట్టివానిని పిలువగలదు. లేని జట్టు ముందుగా తన యింటినుండి ఎవరినో పంపివేయవలెను.

ఈ హద్దు ఎట్లు వచ్చినది? పూర్వము ఒప్పందము ముగిసినను ఆటగాడు నిజముగా స్వతంత్రుడు కాకుండెను. 1963 నుండి ఒక నిబంధన నడిచెను. అట్టి ఆటగానిని చేర్చుకొన్న జట్టు అతని పాత జట్టునకు నష్టపరిహార మీయవలెను. రెండు జట్లకు పొత్తు కుదరనిచో ఆ పరిహారము లీగు కమిషనరు పీట్ రోజెల్ నిర్ణయించినంత. ఎంత యిచ్చుకొనవలసివచ్చునో ముందుగా తెలియదు గనుక సాహసించువారు అరుదు. జాన్ మాకీ మున్నగు ఆటగాండ్రు తెచ్చిన వ్యాజ్యములో 1976లో అప్పీలు న్యాయస్థానము ఆ నిబంధన చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. అయినను కట్లు పూర్తిగా తెగలేదు. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ మున్నగువారు మినియాపొలిస్ నగరమున జ్యూరీ యెదుట గెలిచిన పిమ్మట యజమానులు దిగివచ్చిరి. 1993లో రాజీ కుదిరినది. ఆటగాండ్రకు స్వేచ్ఛ లభించెను. దానికి బదులుగా యజమానులు జీతముల హద్దును పొందిరి. అది 1994లో అమలులోనికి వచ్చెను. మొదటి యేటి హద్దు 3 కోట్ల 46 లక్షల డాలర్లు. స్వేచ్ఛయు, హద్దును ఒకే రాజీపత్రములో పుట్టినవను మాట మనము మరువరాదు. ఒకదానిని విడిచి మరియొకదానిని అర్థము చేసికొనలేము.

హద్దును కోరినవారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. గ్రీన్ బే యను ఊరున్నది. విస్కాన్సిన్ రాష్ట్రమున చలిప్రాంతము. జనసంఖ్య లక్షకు కొంచెము పైబడి యుండును. అచ్చటి ప్యాకర్స్ జట్టునకు ధనికుడైన యజమాని లేడు. సామాన్య ప్రజలే వాటాదారులు. స్వేచ్ఛ లభించిన 1993లో రెజీ వైట్ అను మేటి ఆటగాడు ఏ మహానగరమునకో పోవునని అందరును తలచిరి. అతడు నాలుగేండ్లకు 1 కోటి 70 లక్షల డాలర్ల ఒప్పందముతో గ్రీన్ బేలో చేరెను. 1997 జనవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచినది. ఆ నాటి ఆటలో వైట్ ప్రత్యర్థి క్వార్టర్‌బాక్‌ను మూడుమార్లు నేలకు దించెను. మహానగరపు జట్లు ఇచ్చవచ్చినంత వెచ్చింపగలిగినచో ఇట్టి చిన్న ఊరు వాటి ప్రక్కన ఎంతకాలము నిలువగలదు? టెలివిజను ఆదాయమును జట్లన్నియు సమముగా పంచుకొనుటయు, జీతముల హద్దును కలిసి దానిని నిలబెట్టుచున్నవి.

మన శ్రోతలకు ఇట్టి హద్దు క్రొత్త కాదు. ఐపీఎల్ క్రికెట్‌లో 2025 ఆటకాలమునకు ఒక్కొక్క జట్టు హద్దు 120 కోట్ల రూపాయలు. సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు ఐదుగురిని నిలుపుకొనుటకే 75 కోట్లు కేటాయించెను; అందు విశాఖపట్నపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి వాటా 6 కోట్లు. తక్కిన 45 కోట్లతోనే ఆ జట్టు 2024 నవంబరులో జెడ్డా నగరమున జరిగిన వేలమునకు పోయినది. అయితే రెండింటికిని భేదము కలదు. వేలములో పాట ఎచ్చట ఆగునో ఆటగాడు అచ్చటికి పోవలెను. అమెరికాలో ఫ్రీ ఏజెంటు తన జట్టును తానే యెంచుకొనును. మరియు అచ్చటి లెక్క ఏ యేటికాయేడు తీరునది కాదు. నేటి పద్దు రేపటిమీదికి ప్రాకును. అసలు చిక్కంతయు అందే యున్నది.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఒక ఆటగానికి నాలుగేండ్ల ఒప్పందము, సంతకము చేసినందులకు 2 కోట్ల డాలర్ల బోనసు అనుకొందము. సొమ్ము అతని చేతికి ముందుగానే చేరును. కాని హద్దు లెక్కలో ఏటికి 50 లక్షల చొప్పున నాలుగేండ్లు వ్రాయుదురు. ఇట్లు అయిదేండ్లవరకు పరచవచ్చును. రెండేండ్లకే అతనిని పంపివేసినచో మిగిలిన కోటి డాలర్లు జట్టు నెత్తిన పడును. ఆటగాడు లేడు, పద్దు ఉన్నది. దీనిని డెడ్ మనీ, అనగా చచ్చిన సొమ్ము, అందురు. వాయిదాలమీద కొన్న సైకిలు దొంగల పాలైనను వాయిదాలు ఆగవు గదా!

కావున మార్చి నెల ప్రణాళికలో జట్టు నడుపువారు మూడు ప్రశ్నలు వేసికొందురు. ఈ యేట మిగిలిన చోటెంత? రాబోవు యేండ్లలో మనమీద ఇదివరకే పడియున్న పద్దు లెంత? ఇప్పుడు ఒకనికి ఎక్కువ ఇచ్చినచో రెండేండ్ల తరువాత ఒప్పందము ముగియబోవు మన సొంత కుఱ్ఱవానిని నిలుపుకొనగలమా? ఖర్చు కాని చోటును మరుసటి యేటికి తీసికొనిపోవచ్చును గనుక కొందరు ఓపికపట్టుదురు. చోటు లేనివారు ఒకని జీతములో కొంత భాగమును బోనసుగా మార్చి, దానిని ముందు యేండ్లమీదికి పరచి, నేటికి ఊపిరి తీసికొందురు. అట్లని పిసినారితనమునకును తావు లేదు. కొన్నేండ్ల మొత్తముమీద హద్దులో 90 శాతమైనను జీతములకు వెచ్చింపవలెనని నిబంధన కలదు.

ఒక్క మనిషి కథలో ఈ లెక్క రెండు ముఖములును కనబడును. 2012లో సియాటిల్ జట్టు రస్సెల్ విల్సన్ అను క్వార్టర్‌బాక్‌ను మూడవ విడతలో ఎంచుకొనెను. క్రొత్తగా చేరువారి జీతములను 2011 ఒప్పందము బాగుగా తగ్గించియుండెను. అందుచేత 2013లో హద్దు లెక్కలో అతని పద్దు 7 లక్షల డాలర్లకు లోపే. అనుభవజ్ఞులైన క్వార్టర్‌బాక్‌లు కోట్లు తీసికొను స్థానమది. అట్లు మిగిలిన చోటుతో ఆ యేటి మార్చిలో సియాటిల్ మైకేల్ బెన్నెట్, క్లిఫ్ అవ్రిల్ అను ఇద్దరు ఫ్రీ ఏజెంట్లను తెచ్చుకొనెను. 2014 ఫిబ్రవరిలో ఆ జట్టు డెన్వర్‌ను 43-8తో ఓడించి సూపర్ బౌల్ గెలిచినది. బంతి విసరుచున్న పేటన్ మానింగ్ చేతికి అవ్రిల్ దెబ్బ తగిలి, గాలిలోనికి లేచిన ఆ బంతిని అతని సహచరుడు మాల్కమ్ స్మిత్ అందుకొని గమ్యమువరకు పరుగెత్తెను.

తరువాత అదే విల్సన్ 2022లో డెన్వర్ జట్టునకు మారెను. అతనికై డెన్వర్ క్రొత్త ఆటగాండ్రను ఎంచుకొను మొదటి విడత హక్కులు రెండును, మరి కొందరు ఆటగాండ్రను ఇచ్చుకొనెను. ఆ సెప్టెంబరులో సుమారు 24 కోట్ల 50 లక్షల డాలర్ల విలువగల అయిదేండ్ల పొడిగింపు కుదిరెను. ఆశించిన ఫలము రాలేదు. 2024 మార్చిలో అతనిని విడిచిపెట్టిరి. అప్పుడు చచ్చిన సొమ్ము 8 కోట్ల 50 లక్షల డాలర్లు; అప్పటివరకు లీగు చరిత్రలో అంత పద్దు మరియొకటి లేదు. దానిని 2024, 2025 సంవత్సరములకు విభజించుకొనిరి. విల్సన్ పిట్స్‌బర్గ్ జట్టులో కనీస జీతమునకు చేరెను. హామీ యిచ్చిన సొమ్ములో తక్కినది డెన్వరే చెల్లించెను. అయినను డెన్వర్ మునిగిపోలేదు. బో నిక్స్ అను క్రొత్త కుఱ్ఱవానిని అల్పవేతనముతో నిలుపుకొని 2024లో 10 ఆటలు గెలిచి తుదిపోటీల దశకు చేరినది. సియాటిల్‌కు పూర్వము మేలు చేసిన ఉపాయమే డెన్వర్‌కు అక్కరకు వచ్చినది.

ఇంతవరకు జట్ల మాట చెప్పితిమి. ఇక మనుష్యుల మాట. ఈ హద్దువలన మిక్కిలి నష్టపడువాడు మేటి ఆటగాడు కాడు. అతనికి కోట్లు ఎట్లును వచ్చును. అల్పవేతనపు కుఱ్ఱవాడును కాడు. అతని కొరకు జట్లు వెదకుచుండును. ఆరేడేండ్లు ఆడి, ఒడలు హూనము చేసికొని, పనితనములో లోపము లేకయున్నను నడిమి జీతము తీసికొను ఆటగాడే. లీగు నియమమును బట్టి అనుభవముతోపాటు కనీస జీతము పెరుగును. 2025లో క్రొత్తవానికి 8 లక్షల 40 వేల డాలర్లు. ఏడేండ్లు దాటినవానికి 12 లక్షల 55 వేలు. గౌరవముగా ఇచ్చిన ఆ పెంపే అతనికి అడ్డు కావచ్చును. ఇది గ్రహించియే లీగు ఒక సవరణ చేసినది. అట్టి పాతవారిని కనీస జీతముతో ఒక్క యేటికి తీసికొన్నచో, హద్దు లెక్కలో రెండేండ్ల అనుభవముగలవాని పద్దు మాత్రమే వ్రాయుదురు. మంచి సవరణ, కాని అది కనీస జీతము వారికే. దానికి పైనున్న నడిమివానికి అట్టి ఆసరా లేదు.

2021లో ఈ సంగతి మరింత స్పష్టమైనది. హద్దు లీగు ఆదాయముతో ముడిపడియున్నది; ఆదాయములో ఆటగాండ్ర వాటా సుమారు 48 శాతము. 2020లో మహమ్మారివలన ప్రేక్షకులు లేక ఆదాయము పడిపోయెను. అంతట హద్దు 19 కోట్ల 82 లక్షలనుండి 18 కోట్ల 25 లక్షలకు దిగెను. ఒప్పందములలో వ్రాసిన జీతములు మాత్రము దిగలేదు. చోటు చాలక అనేక జట్లు నడిమి జీతగాండ్రను విడిచిపెట్టినవి. చాలమంది ఒక్క యేటి ఒప్పందములతో సరిపెట్టుకొనిరి. మరుసటి యేట హద్దు 20 కోట్ల 82 లక్షలకు లేచినది. కాని దేహబలముతో బ్రతుకు మనిషికి పోయిన ఆ ఒక్క యేడు తిరిగి రాదు.

మంచమున్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనని మన పెద్దలందురు. జట్లకు ఈ నీతి చక్కగా చెల్లును. అందరి మంచములు ఒకే కొలతవైనప్పుడే గ్రీన్ బే వంటి ఊరు మహానగరముతో సరిసమానముగా నిలువగలదు. కాని కాళ్లు ముడుచుకొనువాడు ఎల్లప్పుడును ఆ నడిమి ఆటగాడే కారాదు. స్వేచ్ఛకు బదులుగా హద్దును ఒప్పుకొన్నవారు ఆటగాండ్రే గనుక, ఆదాయము పడిపోయిన యేట ఆ భారమును పలు యేండ్లమీదికి, పలువురిమీదికి పంచు పద్ధతి ఇంకను బలపడవలసియున్నది. ఈసారి మార్చిలో ఎవడో ఒక ఆటగానిని అతని జట్టు విడిచిపెట్టినదని శ్రోతలు వినినచో, అతడు ఆట మరచెనని వెంటనే తలపవద్దు. అతని పనితనము తరుగకపోవచ్చును. జట్టులో చోటు మాత్రమే తరిగియుండవచ్చును.