పోయిన పుస్తకం, చెదలు తిన్న పుస్తకం

శాలువా కప్పారు, సంతోషం. నవంబరు చలికి పనికొస్తుంది. కానీ గ్రంథాలయ వారోత్సవాల్లో అతిథి చేతిలో పుస్తకం పెట్టే ఆనవాయితీ ఎప్పుడు పోయిందో నాకు అంతుబట్టడం లేదు. ఇది కార్యదర్శిగారిని ఉద్దేశించి అన్నమాట కాదు. ఆయన నాకు తమ్ముడిలాంటివాడు, ఏమీ అనుకోడు.

నాకిచ్చిన విషయం ఆహ్వాన పత్రికలో చూశారు కదా: వ్యక్తిగత, సాంస్కృతిక, సంస్థాగత విలువలు మన ప్రవర్తనను, నిర్ణయాలను ఎలా మలుస్తాయన్నది. మూడింటికీ తలా పది నిమిషాలు అనుకుని చీటీ కూడా రాసుకొచ్చాను. ఈలోగా నా ముందు మాట్లాడిన మిత్రుడు ఈ వారోత్సవాలు నెహ్రూగారి పుట్టినరోజు పేరు మీద మొదలవుతాయన్నారు. తేదీ ఒకటే, కాదనను. అయితే 1919 నవంబరు 14న మద్రాసులో దేశంలోని పౌర గ్రంథాలయాలవాళ్లంతా కలిసి మహాసభ జరుపుకున్నారు. మన వారోత్సవాలకు మూలం అది. ఆ సభ వెనక ఉన్నది మన అయ్యంకి వెంకటరమణయ్యగారు. బయటివాళ్లు మరిచిపోతే మరిచిపోనీండి, గ్రంథాలయంలో జీతం తీసుకునేవాళ్లం మనమైనా గుర్తుపెట్టుకోవద్దూ?

వ్యక్తిగత విలువలంటే అయ్యంకివారి పేరు చెప్పి ఊరుకున్నా చాలు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు నిండలేదు. ఆ వయసులో తాలూకా కచేరీలో గుమాస్తా పని చూసుకుని ఉంటే ఇంట్లోవాళ్లు సంతోషించేవారు. ఆయన గ్రంథాలయాల కోసం ఊళ్లు పట్టుకు తిరిగారు. మొదటి అంశం అయిపోయింది.

రెండోదానికి వచ్చేముందు, ఇందాకటి నుంచి నా చూపు ఆ మూలనున్న గాజు బీరువా మీదికే పోతోంది. మీరూ ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. లోపల విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు, నీలం అట్టల సంపుటాలు ముద్దుగా వరసగా ఉన్నాయి. బయట తాళం. తాళం మీద దుమ్ము. తాళం చెవి ఎవరి దగ్గరుందని పొద్దున అడిగాను. ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. ఆ ముగ్గురిలో ఒకాయన బదిలీ అయి వెళ్లిపోయారట!

నవ్వకండి. విలువల గురించి ఎంతసేపు మాట్లాడినా ఆ బీరువా చెప్పినంత నేను చెప్పలేను.

మన సంస్కృతిలో పుస్తకం సరస్వతి. కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. పూజనాడు పసుపు కుంకుమ పెట్టి, ఆ ఒక్కరోజూ చదవకుండా పీట మీద ఉంచుతాం. పరుల చేతికి వెళ్లిన పుస్తకం తిరిగిరాదని కూడా పెద్దలు చెప్పే ఉన్నారు. నేనూ అలాంటి ఇంట్లో పుట్టినవాణ్నే, ఆ భక్తి నాకూ ఉంది. కానీ ఆ భక్తే బీరువాకు తాళంగా మారింది. వేటపాలెం సారస్వత నికేతనంలో గాంధీగారి చేతికర్ర భద్రంగా దాచారు. దానికి తాళం ఉండాల్సిందే, కర్రను ఎవరికి అరువిస్తాం? నిఘంటువుకెందుకండీ తాళం?

ఇదే నేల మీద దీనికి పూర్తిగా ఎదురు నడిచినవాళ్లు కూడా ఉన్నారు. పాతూరి నాగభూషణంగారి గురించి చెప్పకుండా నేను ఏ సభలోనూ మైకు వదల్లేదు, ఇవాళా వదలను. 1935లో కృష్ణా పశ్చిమ డెల్టాలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టించారు. అవును, పడవలోనే. అప్పట్లో కాలవ ప్రయాణమంటే గంటల వ్యవహారం. లాకుల దగ్గర పడవ ఆగితే ఎప్పుడు కదులుతుందో సరంగుకే తెలియాలి. మూటలు, ముంతలు, పసిపిల్లలు, చుట్టపొగ. ఆ మధ్యలో పుస్తకాలు! ఇప్పుడు మన ఆడిట్ కళ్లతో చూడండి. నీళ్లలో పడితే? చుట్ట నిప్పు అంటుకుంటే? చదువుతూ చదువుతూ తన రేవు రాగానే చంకన పెట్టుకు దిగిపోతే? దరఖాస్తు ఎక్కడ, డిపాజిట్ ఎక్కడ, ఇద్దరు హామీదారుల సంతకాలెక్కడ? అలాంటి ప్రతిపాదన ఇవాళ మనలో ఎవరైనా పంపితే ఫైలు తిరిగొస్తుంది. తిప్పి పంపేవాడు మనమీద జాలిపడితే, ఆరోగ్యం ఎలా ఉందని కూడా అడుగుతాడు.

పాతూరివారికి పుస్తకం పోతుందని తెలియక కాదు. గంటల తరబడి ఊరికే కూర్చున్న మనిషి ఆయన కంటికి కనిపించాడు. ఆ మనిషి పక్కన పుస్తకం లేకపోవడమే ఆయన లెక్కలో నష్టం. ఆ పడవ తిరిగే రోజులకు కాస్త ముందే, 1931లో, మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడు రంగనాథన్‌గారు తన అయిదు సూత్రాలను అచ్చువేశారు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది అందులో మొదటిది. మనందరం డిప్లొమాలో పది మార్కులకు రాసిందే.

ఇక సంస్థ సంగతి. నేను శాఖా గ్రంథాలయంలో చేరిన కొత్తల్లో నా పై అధికారి చాలా మంచాయన. పుస్తకమంటే ప్రాణం. ఆయనకు ముందున్నాయన హయాంలో తనిఖీ జరిగి కొన్ని పుస్తకాలు తేలలేదు. ఆ సొమ్ము ఆయన జీతంలోంచి రికవరీ చేశారు. అది చూసిన మా సారు చేరిన వారంలోనే నాలుగు బీరువాలకు తాళాలు కొన్నారు. ఆయనలో విలువలు లేవని నేను అనను. ఇంటి దగ్గర ఆడపిల్లల పెళ్లిళ్లు ఉన్నాయి.

తర్వాతి తనిఖీలో చిత్రం చూశాను. ఒక బీరువా తెరిస్తే వెనక గోడ నుంచి చెదలు. ఒక బరువైన సంపుటం తీయబోతే అట్ట నా చేతికొచ్చింది, లోపలి కాగితం పొడిపొడిగా రాలింది. తనిఖీకి వచ్చినాయన ఆ అట్ట వీపున ఉన్న నంబరు చదివి, ఆక్సెషన్ రిజిస్టరులో దాని ఎదురుగా టిక్కు పెట్టారు. లెక్కకు ఆ పుస్తకం ఉంది! ఊళ్లో ఒక టైలరు పట్టుకెళ్లిన నవల మాత్రం నలుగురైదుగురి చేతులు మారి ఎక్కడో చదువుతుండగా పోయింది. అది లెక్కకు లేదు. సంజాయిషీ దానికే రాయించారు. చెదలు తింటే నేరం కాదు, జనం చదివి పోగొడితే నేరం. సంస్థ విలువ ఏమిటో గోడమీద అతికించిన సూక్తుల్లో వెతకక్కర్లేదు, ఎవరి జీతం ఎందుకు కోశారో చూస్తే చాలు.

కుర్రాళ్లంతా గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు సొంతంగా తెచ్చుకుని మన కుర్చీ, మన ఫ్యాను వాడుకుని పోతున్నారని మీరు ఫిర్యాదు చేస్తారు. నాకూ బాధే. మా రోజుల్లో సాయంత్రం పేపరు కోసం బయట మెట్ల మీద వరస ఉండేది. అయితే బీరువా తెరిచి ఉంటే ఆ కుర్రాడు ఒక్కసారైనా చెయ్యి పెట్టేవాడేమో మనకు తెలియదు, ఎందుకంటే మనం తెరవలేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సాంస్కృతిక విలువలు అనుకున్నంత వివరంగా చెప్పలేకపోయాను, నా తర్వాతి వక్త అందుకుంటారు. ఒక్క పనికొచ్చే ముక్క చెప్పి కూర్చుంటాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లోవి, ఉన్నాయి. వాటిలో 215వ నిబంధన చదవండి. ఏడాదిలో పాఠకులు తీసుకున్నవీ, అక్కడే చూసుకున్నవీ కలిపి ప్రతి వెయ్యి సంపుటాలకు అయిదు పోయినా సహజమేనంటుంది, మోసమో అజాగ్రత్తో లేకపోతే. వెయ్యి రూపాయలు దాటినవీ, అరుదైనవీ పోతే విచారణ తప్పదు, అదీ న్యాయమే. చూశారా, అక్కడ లెక్క బీరువాలో ఎన్నున్నాయన్న దానిమీద కాదు, జనం చేతుల్లో ఎన్ని తిరిగాయన్న దానిమీద కట్టారు. ఎంత ఎక్కువ తిరిగితే అంత వెసులుబాటు. ఎవరో పుస్తకం చదివే గుమాస్తాయే రాసుంటాడు దాన్ని!

మధ్యాహ్నం తీర్మానాల సభ ఉందట. ఆ నిబంధన మన శాఖలన్నిటికీ రాతపూర్వకంగా వర్తింపజేయాలని ఒక పేజీ తీర్మానం తయారుచేసి తెచ్చాను, జిరాక్సులు కార్యదర్శిగారి దగ్గరున్నాయి. ప్రతిపాదించడానికి ఒకరు, బలపరచడానికి ఒకరు కావాలి. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లయితే మంచిది. నాలాంటి పెన్షనరు చెయ్యెత్తితే కాఫీ అడుగుతున్నాడనుకుంటారు.