చంకబిడ్డ దిగాకే మరో బిడ్డ



పసిబిడ్డకు ఖర్చేముంది, తల్లిపాలేగా అనుకుంటాం. నిజమే, మొదటి 6 నెలలు తల్లిపాలే చాలు. కాని బిడ్డను విడిచి తల్లి నాట్లకు, కోతలకు పోలేదు. పోయిన ఆ కూలి ఖర్చు కాదా? ఆమె పనికి పోతే పెద్దపిల్ల బడి మాని బిడ్డను ఎత్తుకోవాలి. అది ఇంకా పెద్ద నష్టం.

1975లో మొదలైన అంగన్‌వాడీల్లో 3 ఏళ్లు నిండిన పిల్లలకు ఆటపాటలు, అక్షరాలు, భోజనం ఉంటాయి. అంతవరకు బిడ్డ బరువు ఇంటిదే. ఈలోగా మరో కాన్పు వస్తే ఆ బరువు రెండింతలవుతుంది.

అందుకే కాన్పుకూ కాన్పుకూ మధ్య కనీసం 3 ఏళ్ల ఎడం ఉంచండి. నిరోధ్, కాపర్-టి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఆలుమగలిద్దరూ కలిసి వచ్చి నర్సమ్మను అడగండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.