ముద్దు – పుండు – భయం



నలుగురిలో అడగడానికి సిగ్గుపడి, మనసులోనే పెట్టుకుని కుమిలిపోయే సందేహాలు కొన్ని వుంటాయి. "నోట్లో పుండు వున్నప్పుడు ముద్దు పెట్టుకుంటే హెచ్.ఐ.వి. అంటుకుంటుందా?" అన్నది అలాంటిదే. ఇవాళ దాని సంగతి చెప్పుకుందాం.

మీ ఆడబిడ్డకు హెచ్.ఐ.వి. వుందనుకోండి. మందులు వాడుకుంటూ, తన పని తాను చేసుకుంటూ వుంది. పండక్కి వచ్చింది. మీ ఆరేళ్ళ పాపకు ఆ పూటే పాలపన్ను వూడింది, చిగురు ఇంకా పచ్చిగా వుంది. మేనత్త ఆప్యాయంగా దగ్గరకు తీసుకుని మూతిమీద ముద్దు పెట్టింది. ఇక చూడండి మీ అవస్థ! పిల్లను కుళాయి దగ్గరకు లాక్కుపోయి నోరు కడిగిస్తారు. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు ఆడబిడ్డకు గ్లాసు వేరే పెడతారు. ఆమె పైకి ఏమీ అనదు. వచ్చే పండక్కి మాత్రం రాదు.

ఇంత జరిగాక, ఆ భయానికి అసలు ఆధారం వుందా? లేదు. ఈ క్రిమి ఇతరులకు సోకేది రక్తం, వీర్యం, జననాంగాల, మలద్వారపు స్రావాలు, తల్లిపాల ద్వారా. ఉమ్మి ద్వారా సోకదు. పైగా ఉమ్మిలో ఈ క్రిమిని అణిచే పదార్థాలు కూడా వున్నాయి. నోటిపూత వుండనీయండి, బుగ్గ కొరుక్కున్న గాయం వుండనీయండి, అవతలివారి ఉమ్మి తగిలినంత మాత్రాన హెచ్.ఐ.వి. రాదు. ఎంగిలి గ్లాసు సంగతి సరేసరి!

మరి అసలే ప్రమాదం లేదా అంటారా? ఇద్దరి నోళ్ళలోనూ పుళ్ళో, నెత్తురు కారే చిగుళ్ళో వుండి, గాఢంగా ముద్దు పెట్టుకున్నప్పుడు రక్తం కలిస్తే సోకవచ్చు. అదీ బహు అరుదు. అమెరికాలో 1997లో అలాంటి కేసు ఒకటి ప్రకటించారు. అక్కడా అనుమానించింది చిగుళ్ళ రక్తాన్నే, ఉమ్మిని కాదు. క్రమంగా మందులు వాడి, పరీక్షలో క్రిమి కనిపించనంతగా తగ్గిపోయినవారి నుంచి సంసారం వల్ల కూడా వ్యాధి సోకదని వైద్యులు తేల్చి చెప్పారు.

ముద్దు వల్ల వచ్చే బాధలు వేరే వున్నాయి. పెదవిమీద నీటిపొక్కులు లేచినవారు పసికందులను ముద్దాడకూడదు. అది పసివాళ్ళకు ప్రాణం మీదికి తేవచ్చు. నోటిపుండు మూడు వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇంకొక మాట. కొందరు ఇల్లాళ్ళు ముద్దు గురించి అడుగుతారు గాని, మనసులోని ప్రశ్న అది కాదు. "ఆయన బయట ఎక్కడైనా తిరిగారేమో" అన్నది అసలు దిగులు. దాన్ని నోరు విడిచి అనలేక నోటిపుండు మీద పెడతారు. అనుమానం వుంటే ఆలోచించవలసింది తొడుగు లేని సంసారం గురించి. దానికి మందు రక్తపరీక్ష. భార్యాభర్తలు ఇద్దరూ చేయించుకుంటే మరీ మంచిది. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని పరీక్షా కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. 2017 నాటి చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. సంఘటన జరిగిన వెంటనే చేయించుకుంటే జబ్బు బయటపడకపోవచ్చు. మూడు నెలలు నిండాక చేసిన పరీక్షతో సందేహం తీరుతుంది. నిజంగా ప్రమాదం జరిగిందనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడితే వ్యాధిని చాలావరకు అడ్డుకునే మందులున్నాయి. వ్యాధి వుందని తేలినా బెంబేలు పడనక్కరలేదు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వమే మందులు ఉచితంగా ఇస్తున్నది.

పేరు చెప్పకుండా అడగాలనుకుంటే 1097 నంబరుకు ఫోను చేయండి, ఖర్చు లేదు. పక్కింటావిడ చెప్పిన మాటకు పదిరోజులు నిద్ర మానుకునేకంటే, తెలిసినవారిని పది నిమిషాలు అడగడం మేలు కదా!

సెలవు.