పడిన మీట చెప్పు మాట

గడచిన వానకాలమున ఒకనాటి సాయంకాలము ఇస్త్రీపెట్టె ప్లగ్గును సాకెట్టున పెట్టగానే మా ముందుగది చీకటియైనది. బ్రేకరు మీట పడినది. ఎత్తితిమి, మరల పడినది. మూడవమారు ఎత్తబోయి చేయి వెనుకకు తీసికొంటిమి.

1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల వద్ద 4 ఆంపియర్లకు కొంచెము మించి తీసికొనును. 6 ఆంపియర్ల సాకెట్టుకది బరువు కాదు. ప్లగ్గులన్నియు తీసి మీట నెత్తగా నిలిచినది. ఇస్త్రీపెట్టె వేరొక గదిలో చక్కగా వేడెక్కినది. కావున దోషము సాకెట్టుదే. పరికింపగా దాని రంధ్రముల చుట్టును నలుపు కనబడినది.

మెయిను స్విచ్చి ఆపి ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. ప్లగ్గు నొక్కినప్పుడెల్ల లోపల వదులైన తీగ కదలి పక్కతీగను తాకుచున్నదని అతడు చూపెను. సాకెట్టును మార్చి తీగలను బిగించెను.

శ్రోతలారా, పడిన మీటను బలిమిని నిలుపరాదు. అది మన యింటి కావలివాడు. వాని కేకకు కారణమరసిన పిదపనే మీటపై చేయి వేయవలెను.